మన్యంలో బస ఎక్కడ: అరకా, పాడేరా?

"విశాఖ జిల్లా అరకు" అని మనం ఇంకా అలవాటుగా అనేస్తాం గానీ, 2022 ఏప్రిల్ 4తో ఆ మాట చెల్లిపోయింది. ఆ రోజున ఉమ్మడి జిల్లాని మూడు చేశారు. నగరం, దాని చుట్టుపక్కల మండలాలూ విశాఖగా మిగిలాయి. మైదానంలో ఎక్కువ భాగం అనకాపల్లికి పోయింది. మన్యంలోని పదకొండు మండలాలు తూర్పు గోదావరి ఏజెన్సీతో కలిసి, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాయి. చూడ్డానికి వెళ్లేవాళ్లకి జిల్లా సరిహద్దుతో పనేముందని అంటారేమో. చాలా పనుంది.

2011 లెక్కల ప్రకారం ఇప్పటి విశాఖ జిల్లాలో సుమారు 1,048 చదరపు కిలోమీటర్లలో పంతొమ్మిదిన్నర లక్షల మంది ఉన్నారు. ఏర్పడిన నాటి అల్లూరి జిల్లా విస్తీర్ణం 12 వేల చదరపు కిలోమీటర్లు దాటింది, జనం మాత్రం తొమ్మిదిన్నర లక్షలే. ఘాట్ ఎక్కగానే తేడా తెలిసిపోతుంది. ఫోన్ సిగ్నల్ పోతుంది, ఏటీఎంలు కనబడవు, పెట్రోలు బంకు ఎక్కడుందో అడిగి తెలుసుకోవాలి. ఒక్క పంచాయతీ పరిధిలోని గూడేలు వేర్వేరు కొండల మీద ఉంటాయి. గ్రామ సచివాలయం వాటిలో ఒక్కచోటే. రేషన్ కార్డు పనికి ఓ ముసలాయన కొండ దిగి, వాగు దాటి వస్తాడు. మనకి ట్రెక్కింగ్, ఆయనకి ఆఫీసు దారి.

అందుకే నా ఓటు పాడేరుకి. అరకులో గదులకేం తక్కువ లేదు. టూరిజం వాళ్ల హోటళ్లున్నాయి, ప్రైవేటువి లెక్కలేనన్ని. కానీ డిసెంబరు, జనవరి శనాదివారాల్లో ధర ఎంత చెబితే అంత. నేను దిగినచోట వేడినీళ్లు పొద్దున ఒక్క గంటే వచ్చాయి, బిల్లులో మాత్రం తగ్గింపేమీ లేదు. పాడేరులో అంత హంగు ఉండదు. చిన్న లాడ్జీలు, అద్దాల్లోంచి లోయ కనబడదు. అయితే గిరిజనాభివృద్ధి పనులు చూసే ఐటీడీఏ ఆఫీసు ఏనాటి నుంచో అక్కడే ఉంది, తర్వాత కలెక్టరేటు వచ్చింది. అధికారులు, టీచర్లు, పనుల మీద వచ్చేవాళ్లు తిరిగే ఊరు కాబట్టి రాత్రి భోజనం దొరుకుతుంది, అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవాళ్లకి ఇదే పెద్ద భరోసా. వంజంగి కొండ మీంచి మేఘాలు చూడాలంటే చీకటితోనే లేవాలి, దానికి పాడేరే దగ్గర. శుక్రవారమైతే సంత కూడా చూడొచ్చు. పసుపు, మిరియాలు, పిప్పళ్లు, అడ్డాకులు అన్నీ అక్కడికే దిగుతాయి. కాకపోతే ఆ రోజు బస్సులో సీటు మీద ఆశ వదులుకోండి.

మన్యంలోనే ఉన్న లంబసింగికైతే చలి కోసం మాత్రమే వెళ్లాలి. గుడారాల్లో పడుకునేవాళ్లు ముందు మరుగుదొడ్డి చూసి తర్వాత డబ్బులివ్వండి.

బస వెతుక్కునేటప్పుడు ఒక విషయం గమనించాలి. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులు అక్కడ భూమి కొనడానికి లేదు. పెద్ద పేరు పెట్టుకున్న రిసార్టు ఎవరి నేల మీద ఉందని ఊళ్లోవాళ్లని అడిగితే చాలాసార్లు ముందు నవ్వుతారు, తర్వాత చెబుతారు. గిరిజన కుటుంబం నడిపే ఇల్లు దొరికితే అక్కడే దిగండి. రాగి అంబలి, రాజ్మా కూర పెడతారు, మంచం గట్టిగా ఉంటుంది.

వెళ్లేటప్పుడు విశాఖలో కిరండూల్ రైలెక్కి బొర్రా గుహలు, అరకు చూసుకుని, హుకుంపేట మీదుగా పాడేరు చేరడం మంచిది. తిరుగుప్రయాణం మాడుగుల ఘాట్‌లో, చోడవరం మీదుగా విశాఖ బస్టాండు కాంప్లెక్స్‌కి ఆర్టీసీ బస్సులో. చిల్లర నోట్లు విశాఖలోనే తీసుకోండి. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే అడిగితే టీ కొట్టు ఆవిడ "తర్వాతెప్పుడైనా ఇవ్వండి బాబూ" అంటుంది, మళ్లీ మనం అటు వెళ్లేదెప్పుడు?