మంచు దేశాల్లో తొలి మనిషి: రాతి పనిముట్లను నమ్మాలా, ఎముకల మీది గాట్లనా?

మన్నిక: రాయి లక్షల ఏళ్లు నిలుస్తుంది. ఇంగ్లండ్‌లోని హేజ్‌బరో (Happisburgh)లో దొరికిన చెకుముకి రాతి పనిముట్ల వయసు 8 లక్షల ఏళ్ల పైమాటే. ఎముక మామూలు నేలలో కుళ్లిపోతుంది కానీ గడ్డకట్టిన నేలలో చక్కగా మిగులుతుంది.

వయసు లెక్క: రాయికి కార్బన్ పరీక్ష (ఒకప్పుడు ప్రాణమున్న వాటిలో మిగిలిన కార్బన్‌ను బట్టి వయసు కట్టడం) కుదరదు, అది దొరికిన మట్టిపొర వయసు తేల్చాలి. మంచు దేశాల్లో పై నేల ఏటా గడ్డకట్టి కరుగుతూ రాళ్లను కిందికీ పైకీ జరిపేస్తుంది కూడా. ఎముకకైతే నేరుగా వయసు కట్టొచ్చు, కాకపోతే సుమారు 50 వేల ఏళ్ల వరకే. పరీక్షకు చిన్న ముక్క పోగొట్టుకోవాలి.

రిస్క్: అసలు తగాదా ఇక్కడే. రాయి దానంతటదే పగిలినా పనిముట్టులా కనిపించవచ్చు. ఎముక మీద మాంసం కోసిన మనిషి పనిముట్టే కాదు, తోడేలు పళ్లు, డెక్కల తొక్కిడి కూడా గీతలు పెడతాయి. కెనడాలోని బ్లూఫిష్ గుహల్లో దొరికిన గుర్రం దవడ మీద గాట్లున్నాయి. ఆ చోటు తవ్వకాలను చాలామంది దశాబ్దాల పాటు నమ్మలేదు. 2017లో ఎముకలను మైక్రోస్కోప్ కింద మళ్లీ చూసి, సుమారు 24 వేల ఏళ్ల కిందటి మనుషుల పనేనని ఒక బృందం ప్రకటించింది. అన్నేళ్ల ఓపిక చూస్తే నాకు చాలా గౌరవం కలుగుతుంది.

50 వేల ఏళ్లు దాటిన చోట రాయే దిక్కు. అంతకన్నా ఇటీవలిదై, నేల గడ్డకట్టి ఉంటే నా ఓటు ఎముకకే. సైబీరియాలోని యానా నది ఒడ్డున దొరికిన రెండు పాలపళ్లు 31 వేల ఏళ్ల నాటి పిల్లల డీఎన్ఏను కూడా ఇచ్చాయి.