స్టేషన్ పక్కన గదికే నా ఓటు

చీమకుర్తి గ్యాలక్సీ అనే నల్ల గ్రానైట్ రాయి వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఏడాదిలో రెండు ఊళ్లు తప్పవు. మార్చి దగ్గరపడితే చైనాలో షియామెన్, సెప్టెంబరు వస్తే ఇటలీలో వెరోనా, రెండు చోట్లా నాలుగేసి రోజులు రాతి ఫెయిర్ జరుగుతుంది. రాయి కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, కోత మిషన్లు తయారుచేసేవాళ్లు అందరూ ఆ నాలుగు రోజులూ అక్కడే ఉంటారు. ఒంగోలు నుంచి మా ఆఫీసు తరఫున నేను పోతుంటాను. సెలవులు కలిసొచ్చినప్పుడు ఇంట్లోవాళ్లతో సింగపూర్, కౌలాలంపూర్ కూడా తిరిగాను. ఇవన్నీ చూశాక నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. హోటల్‌కు ఎన్ని స్టార్లు, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది అన్నవి తర్వాతి సంగతి. రాత్రి పదకొండింటికి భాష రాని ఊళ్లో పెట్టెతో దిగిన మనిషి ఎవర్నీ బతిమాలకుండా గదికి చేరగలడా, పొద్దున్నే లేచి టైముకు పనికి పోగలడా, అది ముందు చూడాలి.

డబ్బు ఎక్కువ పోయేది వెరోనాలో. ఫెయిర్ రోజుల్లో ఊళ్లో గదుల రేట్లు మామూలు కంటే రెండు మూడు రెట్లు పెరుగుతాయి, అది కూడా నెలల ముందు చూసుకుంటేనే. ఒకసారి ముందుగానే మంచి రేటుకు బుక్ చేసిన హోటల్ ఒకటి, ఇంకో మూడు వారాల్లో ఫెయిర్ ఉందనగా గదులు నిండిపోయాయని మెయిల్ పెట్టి మా బుకింగ్ రద్దు చేసింది. అదే గది అదే తేదీలకు ఆన్‌లైన్‌లో రెట్టింపు రేటుకు కనబడుతూనే ఉంది! డబ్బు వాపసు వచ్చింది గానీ ఆ టెన్షన్‌కు ఎవరు బదులు చెప్తారు. అప్పటి నుంచి నేను విచెంజాలో దిగుతున్నాను. స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో గది, వెరోనా పోర్టా నువోవా స్టేషన్‌కు రైల్లో అరగంట నుంచి ముప్పావుగంట, అక్కడి నుంచి హాళ్ల దాకా నడక. కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో పోయొచ్చే ఉద్యోగస్తులు మనకు ఎంతమంది లేరు, ఇదీ అంతే. పైగా విచెంజా చిన్న ఊరు, నిమ్మళంగా ఉంటుంది, పల్లాడియో అనే 16వ శతాబ్దపు ఆర్కిటెక్టు కట్టిన భవనాలు సాయంత్రం నడకలోనే చూసేయొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు, అక్కడి లోకల్ రైళ్లకు కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరుండే చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే చేతిలో టికెట్ ఉన్నా ఫైన్ కట్టాల్సి వస్తుంది. హోటల్ బిల్లు మీద మనిషికి ఇంత అని ఊరి పన్ను విడిగా వేస్తారు. రెస్టారెంట్‌లో కూర్చున్నందుకు కూడా కొంత వేస్తారు, అది మోసం కాదు, అక్కడి పద్ధతే.

తిండి దగ్గర మనవాళ్లు ఇబ్బంది పడేది టైములతో. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలాచోట్ల వంటిల్లు మూసేస్తారు, మళ్లీ తెరిచేది రాత్రి ఏడు ఏడున్నరకు. హాల్లో బయ్యర్లతో మాట్లాడి మూడింటికి బయటపడినవాడికి ఏదో ఒక బ్రెడ్డు ముక్కే గతి. మాతో వచ్చే క్వారీ మేనేజర్ అన్న మాంసం ముట్టడు. ఆయనకు చీజ్ కూడా లేని మరినారా పిజ్జా బాగా కుదిరింది. "తమ్ముడూ, ఇది మన టమాటా పచ్చడేసిన రొట్టె లాగుంది, ఇంకోటి చెప్పు" అని రోజూ అదే తిన్నాడు. మాంసం తినేవాళ్లు కూడా మెనూ చూసుకోండి, వెరోనా వైపు గుర్రం మాంసం వండే అలవాటు ఉంది.

ఊళ్లో చూడాల్సింది ఒక్కటే అంటే అరీనా. మొదటి శతాబ్దంలో రోమన్లు కట్టిన స్టేడియం, దగ్గర్లోని వల్పోలిచెల్లా కొండల్లో దొరికే గులాబీ, తెలుపు సున్నపురాయితో. 1117లో వచ్చిన భూకంపానికి బయటి గోడ దాదాపు అంతా కూలి నాలుగు ఆర్చీలు మాత్రం మిగిలాయి. లోపల మాత్రం ఇప్పటికీ వేసవిలో ఒపేరాలు ఆడుతున్నారు. రాయి పనిలో ఉన్నవాడు ఆ మెట్ల మీద చెయ్యి పెట్టి చూడకుండా రాలేడు. అంచులు అన్ని వందల ఏళ్ల పాదాలకు అరిగి నున్నబడ్డాయి, మనం పాలిష్ మిషన్ పెట్టినా ఆ నునుపు రాదు. టికెట్ డబ్బుకు పూర్తి న్యాయం.

షియామెన్ పూర్తిగా వేరు. ఊరు శుభ్రం, రోడ్లు వెడల్పు, మెట్రో ఉంది, బుల్లెట్ రైళ్లున్నాయి, రాత్రి ఎంత పొద్దుపోయినా ఒంటరిగా నడవడానికి భయం వేయదు. కానీ ముందుగా సిద్ధమై పోకపోతే మొదటి గంటలోనే చేతులు కట్టేసినట్టు ఉంటుంది. గూగుల్ పనిచేయదు, వాట్సాప్ పనిచేయదు. మన సిమ్‌కే ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకుంటే ఆ రెండూ నడుస్తాయి, నేను చేసేది అదే. డబ్బు నోట్లు తీసుకుంటారు గానీ చిల్లర ఇవ్వడానికి తడుముకుంటారు, కొబ్బరిబోండాలాయన కూడా క్యూఆర్ కోడే చూపిస్తాడు. 2023 నుంచి మన వీసా, మాస్టర్ కార్డులను అక్కడి పేమెంట్ యాప్ అలీపేకు కలుపుకోవచ్చు, అది ఇంట్లో కూర్చుని చెన్నైలో విమానం ఎక్కకముందే చేసుకోవాలి. టాక్సీ కూడా అందులోంచే పిలవొచ్చు. హోటల్ పేరు, అడ్రసు చైనా లిపిలో ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి.

అసలు పని షియామెన్‌లో కంటే పక్కన ష్వేతో అనే ఊళ్లో ఉంటుంది. కిలోమీటర్ల పొడవునా శ్లాబుల, అంటే కోసిన రాతి పలకల గోడౌన్లే. ప్రపంచంలో ఏ రాయి అయినా అక్కడ కనిపిస్తుంది, మన గ్యాలక్సీ కూడా, ఆ నల్లటి పాలిష్‌లో బంగారు చుక్కలు మెరుస్తూ. చీమకుర్తిలో బ్లాకుగా కంటైనర్ ఎక్కిన రాయి అంత దూరంలో శ్లాబుగా నిలబడి ఉంటే ఒళ్లు పులకరిస్తుంది, అంతకంటే ఏం చెప్పను. ఆ ఊళ్లో ఒక చిన్న హోటల్‌లో బుకింగ్ ఉన్నా విదేశీ పాస్‌పోర్టు నమోదు చేయడం తమకు తెలియదని రాత్రిపూట బయటికి పంపేశారు. అందుకే ఇప్పుడు షియామెన్‌లోనే మెట్రో స్టేషన్ పక్కన పెద్ద హోటల్ తీసుకుని, ష్వేతోకు పొద్దున కారులో పోయి సాయంత్రానికి తిరిగొస్తాం. రేటు వెరోనాలో సగం కూడా ఉండదు, గది రెండింతలు. కౌంటర్‌లో ఉన్న పిల్ల ఫోన్‌లో అనువాదం చూపిస్తూ, మేనేజర్ అన్నకు మాంసం తగలని నూడుల్స్ చేయించి పంపింది. అలాంటి సేవ నాకు యూరప్‌లో దొరకలేదు. శాకాహారులకు నాన్‌పుతో బౌద్ధాలయం భోజనశాల ఉంది, తప్పకుండా తినండి. ఖాళీ పూట దొరికితే గులాంగ్యూ దీవికి ఫెర్రీలో పోయి రండి, 2017లో యునెస్కో జాబితాకెక్కింది, కార్లు బైకులు లేని ఊరు. ఫెర్రీ టికెట్‌కు పాస్‌పోర్టు అడుగుతారు.

కుటుంబంతో పోవడానికైతే నా లెక్కలో కౌలాలంపూర్‌ను మించింది లేదు. 2023 డిసెంబరు నుంచి మనవాళ్లకు వీసా లేకుండానే పోనిస్తున్నారు, ఆన్‌లైన్‌లో అరైవల్ ఫారం నింపితే చాలు. ఎయిర్‌పోర్టు మొదటి టెర్మినల్ నుంచి కేఎల్ సెంట్రల్‌కు ఎక్స్‌ప్రెస్ రైల్లో 28 నిమిషాలు. స్టేషన్ పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్, అక్కడే గది తీసుకున్నాం. కిందికి దిగితే ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం. మా అమ్మ పొడుల డబ్బాలు తెచ్చుకుంది గానీ మూత తీసే అవసరం పెద్దగా రాలేదు. బటు కేవ్స్‌కు కూడా అదే స్టేషన్ నుంచి లోకల్ రైలు, దిగగానే గుడి. మురుగన్ విగ్రహం 140 అడుగులు, గుహకు 272 మెట్లు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, కిందే కూర్చుని దణ్ణం పెట్టుకుంది. పిల్లలు పైకీ కిందికీ రెండుసార్లు తిరిగారు. కోతులున్నాయి, చేతిలో కవర్లు ఉంచుకోకండి.

సింగపూర్ గురించి అందరూ రాశారు, నేను తక్కువే చెప్తాను. అన్నీ అనుకున్నట్టే జరుగుతాయి, బ్యాంకు కార్డు తాకిస్తే మెట్రో గేటు తెరుచుకుంటుంది, పంపు నీళ్లే తాగొచ్చు. కానీ గది రేటుకూ సైజుకూ పొంతన ఉండదు, పెట్టె తెరిస్తే నడిచే చోటు ఉండదు. నలుగురు కుటుంబమైతే రెండు రాత్రుల కంటే వద్దు. లిటిల్ ఇండియాలో దిగితే తిండి ఖర్చయినా కలిసొస్తుంది.

ఇదే కొలతతో మన దగ్గర చూసుకుంటే నాకు బాధేస్తుంది. వెరోనాలో మాతో చేతులు కలిపిన బయ్యరే బ్లాకులు చూసుకోవడానికి ఇక్కడికొస్తాడు. చెన్నైలో దిగి హైవే మీద అయిదారు గంటలు కారులో వచ్చి, ఒంగోలులో గది చూసుకుని, మళ్లీ పొద్దున బ్లాకుల లారీల వెనక చీమకుర్తికి పోవాలి. 2023లో చెన్నై-విజయవాడ మధ్య మొదలైన వందేభారత్ ఒంగోలులో ఆగుతుంది కాబట్టి ఇప్పుడు నేను బయ్యర్లను ఒక రాత్రి చెన్నైలో ఉంచి పొద్దున ఆ రైలెక్కిస్తున్నాను, ముఖాలు తేటగా ఉంటాయి, బ్లాకు దగ్గర ఓపిగ్గా నిలబడి చూస్తారు. స్టేషన్ దగ్గర్లో శుభ్రమైన గదులు, కౌంటర్‌లో ఇంగ్లీషు వచ్చిన మనిషి, పొద్దున ఆరింటికే వేడి టిఫిను, రాత్రి ఎంత ఆలస్యమైనా తలుపు తీసేవాడు, ఇంతే కావాలి. అలాంటి హోటల్ ఎవరైనా పెడితే ఏడాది పొడుగునా సగం గదులు మా ఎగుమతిదారులమే నింపుతాం, ఈ మాట మా అసోసియేషన్ మీటింగ్‌లో కూడా చెప్పాను, మళ్లీ చెప్తాను.