పైకప్పు తప్పులు ముందే దొరకాలంటే ఏది మేలు: కాగితమా, అట్ట బొమ్మా, త్రీడీ మోడలా?

మా పర్లాకిమిడి, గుణుపురం వైపు ముందు స్లాబు పోసి, వెనక బంగళా పెంకులో రేకులో వేసే ఇళ్ళు ఇంకా కడుతూనే ఉన్నారు. గోడల దాకా ఇంటివాళ్ళు అన్నీ దగ్గరుండి చూసుకుంటారు. పైకప్పు దగ్గరికి వచ్చేసరికి "మేస్త్రీ చూసుకుంటాడులే" అనేస్తారు. చూసుకుంటాడు, నిజమే. కానీ తప్పు బయటపడేసరికి గోడలు లేచిపోయి ఉంటాయి, కలప కోసేసి ఉంటుంది. అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ప్లాన్ కాగితం మీద కొప్పు, అంటే రెండు వాలులూ పైన కలిసే అంచు, ఒక గీత, అంతే. అది ఎంత ఎత్తులో ఉందో ఆ గీత చెప్పదు. ఎల్ ఆకారపు ఇల్లే తీసుకోండి. ఒక భాగం 20 అడుగుల వెడల్పు, రెండోది 14 అడుగులు. గోడల ఎత్తు ఒకటే, వాలు రెండింటికీ 30 డిగ్రీలే. పెద్ద భాగం కొప్పు గోడ మీద నుంచి దాదాపు 5 అడుగుల 9 అంగుళాలు లేస్తుంది. చిన్నది 4 అడుగుల దగ్గరే ఆగిపోతుంది. కాగితం మీద చక్కగా కలిసిపోయిన రెండు కొప్పులూ పైన కలవనే కలవవు. చిన్న కొప్పు పెద్ద కొప్పుకి 3 అడుగుల ఇవతలే పెద్ద వాలులోకి దూరిపోతుంది. అలా దూరితే తప్పేమీ లేదు, ఇల్లు నిలబడుతుంది. కానీ ఇంటాయన రెండు కొప్పులూ ఒకే వరసలో ఉంటాయనుకుని డబ్బు లెక్క వేసుకున్నాడు, వడ్రంగి ఆ లెక్కనే దూలాలు కోశాడు. "బాబూ, ఇవి కలవవండి. చిన్న గోడ లేపుదామా, వాలు పెంచుదామా?" అని అతను నిచ్చెన మీద నుంచి అడిగితే కింద నిలబడి ఏం చెబుతారు? గోడ లేపితే చూరు వరస తప్పుతుంది. వాలు పెంచాలంటే చిన్న భాగానికి 39 డిగ్రీలు దాటాలి. రెండూ ఖర్చే.

త్రీడీ మోడల్ మిగతావాటిని దాటిపోయేది ఇక్కడే. కొలతలు సరిగ్గా ఇస్తే ఆ మూల ఎలా వస్తుందో తిప్పి చూడొచ్చు, కోసి చూడొచ్చు. రెండు వాలులూ కలిసే లోపలి మూలను మోడల్లో తప్పకుండా చూడండి. ఇరుపక్కలా వాలు 30 డిగ్రీలు ఉన్నా, ఆ మూల గాడి వెంట వాలు 22 డిగ్రీలే ఉంటుంది. నీళ్ళు ఎక్కువగా చేరేదీ అక్కడే, నెమ్మదిగా పారేదీ అక్కడే. ఇళ్ళు ఎక్కువగా కారేది ఇలాంటి మూలల్లోనే.

బరంపురం పాత వీధుల్లో గోడకు గోడ ఆనుకుని పొడుగ్గా సాగే ఇళ్ళకైతే మోడల్ మరీ అవసరం. నీళ్ళు వీధివైపో పెరటివైపో పోవాలి తప్ప పక్కింటి మీదికి పోకూడదు. నడిమి మండువాను మూసి గది వేసేటప్పుడు చాలామంది ఈ సంగతి మరిచిపోతారు. మోడల్ గీయించేటప్పుడు పక్కిళ్ళ గోడల ఎత్తు కూడా పెట్టించండి. లేకపోతే మీ ఇల్లు ఖాళీ మైదానంలో ఉన్నట్టు కనిపిస్తుంది, అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

ఇక్కడ ఒక మాట. టౌన్‌లో "త్రీడీ ఎలివేషన్" అని రంగురంగుల బొమ్మ ఇస్తారే, అది ఇంటి ముందుభాగానికి ఫోటో లాంటిది. వెనక కప్పు ఉందో లేదో దానికి అక్కర్లేదు. గృహప్రవేశం కార్డు మీద వేసుకోవడానికి బాగుంటుంది. మనకు కావలసింది వాసాలు, రీపర్లు (పెంకులు ఆనే అడ్డ చెక్కలు), దూలాల మందంతో సహా గీసిన మోడల్. మందం లేని పలుచటి పలకల్లా గీస్తే కిటికీ తలకు దూలం తగిలే సంగతి అందులోనూ కనిపించదు. ఇలాంటి మోడళ్ళు గీసే సాఫ్ట్‌వేర్లలో స్కెచప్‌కి బ్రౌజర్‌లోనే నడిచే ఉచిత వెర్షన్ ఉంది, బ్లెండర్ పూర్తిగా ఉచితం. చేయి తిరిగిన కుర్రాడెవరైనా ఇంట్లో ఉంటే బయట డబ్బు పెట్టక్కర్లేదు.

మరి కాగితం పనికిరాదా? సూటిగా రెండు వాలుల ఇల్లయితే అదే మేలు, మోడల్ దండగ. కాకపోతే ప్లాన్ ఒక్కటే చాలదు, ఇంటిని అడ్డంగా కోసినట్టు చూపే సెక్షన్ కూడా ఒకటి గీయించాలి. 10 అడుగుల గోడ నుంచి అదే 30 డిగ్రీల వాలు 8 అడుగుల వరండా మీదికి సాగితే చివర 5 అడుగుల 4 అంగుళాలకు దిగిపోతుంది. వచ్చినవాళ్ళంతా తల కొట్టుకోవాల్సిందే. ఈ తప్పు పట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు, స్కేలు చాలు. వరండా వాలు 15 డిగ్రీలకు తగ్గిస్తే తల తగలదు గానీ, అంత తక్కువ వాలులో పెంకులు కారతాయి. అక్కడికి రేకులే గతి.

అట్ట బొమ్మను తీసిపారెయ్యకండి. 4 అడుగులకు అంగుళం లెక్కన చీరల పెట్టె అట్టతో పైకప్పు చేసి వడ్రంగి చేతిలో పెడితే, ఫోన్ తెర మీద చూసినదాని కంటే అతనికి తొందరగా అర్థమవుతుంది. మార్పు వచ్చిన ప్రతిసారీ మళ్ళీ కోయాలి, అదొక్కటే చిక్కు. నేనైతే త్రీడీలో అంతా తేల్చుకుని, ఆఖరి రూపం మాత్రం అట్టతో చేయిస్తాను.

స్లాబు మీద నీళ్ళు జారడానికి ఇచ్చే కొద్దిపాటి వాటం మాత్రం మూడింటిలో దేనికీ దొరకదు. వందకు ఒకటి వాటం అంటే 20 అడుగులకు రెండున్నర అంగుళాల లోపే. తెర మీద అది చదునుగానే కనిపిస్తుంది. నీళ్ళ లెవల్ పైపు పట్టుకుని సెంట్రింగ్ మీద చూడాల్సిందే.

గాలి సంగతీ అంతే. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర దాటి మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. రేకులు ఎగిరిపోకుండా పట్టేవి హుక్కులు, బోల్టులు, గోడలోకి దించిన ఇనుప పట్టీలు. మోడల్లో ఒక్క బోల్టు లేకపోయినా ఇల్లు అందంగానే నిలబడుతుంది. చూరు ఎంత బయటికి పెడితే గాలి అంత ఎత్తుకుంటుంది, కాబట్టి ఆ కొలత మోడల్లో తేలాక ఇంజినీరుతో బిగింపులు రాయించండి.

మోడల్ ఎంత బాగున్నా అది ప్లాన్ కొలతలతో చేసినదే. గోడలు లేచాక నాలుగు మూలలూ, ఎదురెదురు మూలల మధ్య రెండు కర్ణాలూ టేపుతో కొలిచి ఆ అంకెలు మోడల్లో మళ్ళీ వేయించండి. రెండు అంగుళాలు అటూ ఇటూ కావడం మామూలే. కలప కోయించేది ఆ తర్వాతే.