కొలంబియా మ్యాచా, అర్జెంటీనా మ్యాచా: పిల్లలకు ముందు ఏది చూపించాలి?

గుంటూరులో సాయంత్రం పూట పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంటాను. ఆట అయ్యేసరికి తల్లిదండ్రులు గేటు దగ్గర బండ్లు ఆపుకుని ఉంటారు. వాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది: "మాస్టారూ, మావాడు ఎంతసేపూ మెస్సీ వీడియోలే చూస్తున్నాడు. మన ఇండియా పిల్లలు బాగా ఆడిన మ్యాచ్ ఏదైనా చెప్పండి, చూపిస్తాం."

నా మనసులోకి వెంటనే వచ్చేవి రెండు. 2017 అక్టోబరు 9న ఢిల్లీలో, అండర్-17 వరల్డ్ కప్‌లో కొలంబియా చేతిలో మనం 1-2తో ఓడిన మ్యాచ్. 2018 ఆగస్టులో స్పెయిన్‌లో, కోటిఫ్ టోర్నీలో మన అండర్-20 కుర్రాళ్లు అర్జెంటీనాను 2-1తో ఓడించిన మ్యాచ్.

ఎవరిని అడిగినా అర్జెంటీనానే అంటారు. అనాల్సిందే. నాలుగో నిమిషంలోనే దీపక్ టాంగ్రీ తలతో గోల్ కొట్టాడు. రెండో సగంలో అనికేత్ జాదవ్‌కు రెడ్ కార్డు పడి పదిమందే మిగిలారు. అయినా అన్వర్ అలీ కొట్టిన ఫ్రీకిక్ పైబారుకు తగిలి లోపలపడింది. అవతలి జట్టు కోచ్ లియోనెల్ స్కలోనీ, నాలుగేళ్ల తర్వాత మెస్సీ జట్టుకు వరల్డ్ కప్ గెలిపించిన మనిషి. ఈ సంగతి చెప్పగానే పిల్లలు స్క్రీన్‌కు ఇంకాస్త దగ్గరగా జరుగుతారు. కోటిఫ్ ఆహ్వానం మీద ఆడే టోర్నీ, గెలిచినా దాంతో ఏ వరల్డ్ కప్‌కూ దారి దొరకదు. అయినా ఆ గెలుపు చిన్నదని నేననను.

కానీ నేను ముందు కొలంబియా మ్యాచే చూపిస్తాను. కారణం 82, 83 నిమిషాలు.

మొదటి సగంలో రాహుల్ కొట్టిన షాట్ పోల్‌కు తగిలి వెనక్కొచ్చింది. రెండో సగం మొదట్లోనే పెనలోసా గోల్‌తో కొలంబియా ముందుకెళ్లింది. 82వ నిమిషంలో స్టాలిన్ కార్నర్ వేస్తే, జీక్సన్ సింగ్ అందరికంటే పైకి లేచి తలతో లోపలికి పంపాడు. ఫిఫా టోర్నీలో భారత్‌కు అదే మొట్టమొదటి గోల్. స్టేడియం హోరెత్తిపోయింది. ఆ హోరు తగ్గకముందే, సెంటర్ నుంచి ఆట మళ్లీ మొదలైన కాసేపటికే, మనవాళ్లు ఇంకా సర్దుకోకముందే పెనలోసా రెండో గోల్ కొట్టేశాడు. మధ్యలో ఉన్నది ఒక్క నిమిషం.

పోయిన నెల మా పిల్లలూ ఇదే తప్పు చేశారు. ఓ స్కూల్ జట్టుతో ఆడుతూ గోల్ కొట్టి, చేతులు చాచుకుని గ్రౌండంతా పరిగెత్తారు. మా లెఫ్ట్ బ్యాక్ సంబరంలో అవతలి కార్నర్ దాకా వెళ్లిపోయాడు. ఆట మొదలయ్యాక అటువైపు ఖాళీ చూసి వాళ్లు తిరిగి కొట్టేశారు. ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, ఆ ఆదివారం మా ఇంట్లో జీక్సన్ గోల్ చూశాక ఎక్కింది. గోల్ పడగానే అందరూ ఎగిరి గంతేశారు. పెనలోసా గోల్ పడగానే హాలంతా నిశ్శబ్దం. మా లెఫ్ట్ బ్యాక్ మెల్లగా, "సార్, మళ్లీ వెనక్కి తిప్పండి, మనవాళ్లు ఎక్కడ నిలబడ్డారో చూస్తా" అన్నాడు. మూడుసార్లు తిప్పాను.

ఆతిథ్య దేశం కాబట్టి చోటు దొరికింది, గెలిచి వెళ్లలేదు కదా అనేవాళ్లున్నారు. నిజమే. ఆ వరల్డ్ కప్‌లోనే అమెరికాతో 0-3, ఘనాతో 0-4తో ఓడాం. అయితే అన్వర్, అనికేత్ ఢిల్లీలో ఆ జట్టులో ఉన్నవాళ్లే. పది నెలల తర్వాత అర్జెంటీనా 72వ నిమిషంలో ఒక గోల్ తిరిగి కొట్టినప్పుడు, పదిమందితోనే చివరిదాకా నిలబెట్టుకున్నారు. కొలంబియా మ్యాచ్ చూడకుండా అర్జెంటీనా మ్యాచ్ చూస్తే అదృష్టం అనిపిస్తుంది. చూసి ఇది చూస్తే ఆ కుర్రాళ్లు ఎంత ఎదిగారో కనిపిస్తుంది.

మిగతావి క్లుప్తంగా. గోల్‌కీపింగ్ మీద ఇష్టమున్న పిల్లలకు 2018 ఆసియా అండర్-16 పోటీల్లో నీరజ్ కుమార్ ఆట చూపించండి. గ్రూపులో మనం ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, క్వార్టర్స్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-1తో ఆగిపోయాం. 2023 అండర్-17 ఆసియా కప్‌లో జపాన్ చేతిలో 4-8తో ఓడిన మ్యాచ్ సరదాగా ఉంటుంది, నేర్చుకోవడానికి కాదు. ఆడపిల్లలకు 2022 అమ్మాయిల అండర్-17 వరల్డ్ కప్‌లో అమెరికాతో 0-8 ఓటమితో మొదలుపెట్టకండి. 2025 అక్టోబరులో అండర్-17 అమ్మాయిలు ఉజ్బెకిస్తాన్ మీద వెనకబడి, 2-1తో గెలిచి ఆసియా కప్‌కు వెళ్లిన మ్యాచ్ చూపించండి.

మా వాళ్లకు వచ్చే ఆదివారం అర్జెంటీనా.