తిరుపతిలో పాప ఇంజనీరింగ్ సీటు కోసం తిరిగాక నా రివ్యూ

మా పాపకి ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకు వచ్చినాక పది రోజులు కాలేజీలు తిరగడమే పనైపోయింది, అందుకే రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుందని. ముందు ఎస్వీ యూనివర్సిటీ, 1954లో పెట్టింది, దగ్గర దగ్గర 1000 ఎకరాలు, గేటు దగ్గర్నించి డిపార్ట్‌మెంట్‌కి ఎండలో నడిచేసరికి పాప చున్నీ తల మీద కప్పుకునింది, కానీ ఆ చెట్లు, ఆ లైబ్రరీ చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఫీజు ప్రైవేట్‌తో పోలిస్తే చానా తక్కువ. బిల్డింగులు కొన్ని పాతబడినాయి, ఆ మాట కూడా చెప్పాల.

పద్మావతి మహిళా యూనివర్సిటీ 1983లో ఎన్టీఆర్ హయాంలో వచ్చింది, 138 ఎకరాలే, చిన్నదే గానీ అంతా అమ్మాయిలే, హాస్టల్ లోపలే, నాకైతే ఇదే బాగా నచ్చింది. ఏర్పేడు దగ్గర ఐఐటీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాల కాబట్టి దాని జోలికి పోలేదు.

ఇంక ఒక ప్రైవేట్ కాలేజీ, పేరొద్దు. ర్యాంకుతో వచ్చే కన్వీనర్ కోటా సీటుకి ఫీజు ఇంతే సార్ అని నవ్వుతా చెప్పి, సంతకం పెట్టే టైముకి బస్సు ఫీజు, స్పెషల్ ఫీజు అని ఇంకో కాగితం తీసినారు, నాకు భలే కోపమొచ్చింది. మీరు పోతే ముందే నాలుగేళ్ల మొత్తం ఖర్చు కాగితం మీద రాయించుకోండి, గవర్నమెంటు ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ లేటైతే మధ్యలో ఎవరు కట్టాలో కూడా అడగండి. మేము కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో మహిళా యూనివర్సిటీనే మొదట పెట్టినాం.