‘ఇంపోర్టెడ్ లెమన్’ అని కస్టమ్స్ బిల్లు చూపిస్తే నమ్మేయకండి

బెంగళూరులో ఇంటి దగ్గర బేకింగ్ చేసేవాళ్లు, చిన్న కేటరింగ్ వాళ్లు, వాట్సాప్ గ్రూపుల్లో నలుగురూ కలిసి సరుకు తెప్పించుకునేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. పోయిన డిసెంబరులో మేం ఏడుగురం కలిసి 15,600 రూపాయలు పోసి నాలుగు పెట్టెల మామూలు నిమ్మకాయలు కొన్నాం. విదేశీ లెమన్ అని నమ్మి కొన్నాం. మమ్మల్ని నమ్మించడానికి అమ్మినవాడు పంపిన కాగితం దొంగది కాదు, అసలుదే. మేం పడిపోయింది అక్కడే.

నేను మారతహళ్లిలో ఇంట్లోనే కేకులు, టార్టులు చేసి అమ్ముతాను. పులిహోరకీ షర్బత్‌కీ మన నిమ్మకాయను మించింది లేదు. లెమన్ టార్టుకి మాత్రం అది పనికిరాదు. తొక్క పల్చన కాబట్టి తురుముపీట మీద రెండుసార్లు రాసేసరికి తెల్ల పొర తగిలి చేదు దిగుతుంది. మందపాటి తొక్క ఉన్న పసుపు కాయే, అంటే విదేశీ లెమనే కావాలి. దాని తురుము, వాసన వేరు.

ఒక గ్రూపులో ఒకతను ‘ఇంపోర్టెడ్ లెమన్, చెన్నై పోర్టు నుంచి నేరుగా, కిలో 260’ అని పెట్టాడు. ప్రూఫ్ ఏదైనా ఉందా అని అడిగాను. వెంటనే బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే కాగితం, ఫోటో పంపాడు. దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు కొట్టేసి ఉంది, 0805 50 00 అనే నంబరు చుట్టూ ఎర్రగా గుండ్రం చుట్టి ఉంది. ‘మేడమ్, గవర్నమెంట్ కోడే ఉంది, ఇంకేం కావాలి’ అన్నాడు. నెట్‌లో వెతికితే ఆ నంబరుకి లెమన్స్ అనే వచ్చింది. అందరి దగ్గరా వసూలు చేసి 10,000 అడ్వాన్సు పంపేశాను.

వచ్చిన పెట్టెలు మాత్రం విదేశీవే. పైన టేపు రెండు వరసలుంది, కింద పాతది, దాని మీద కొత్తది. అప్పుడే అనుమానం రావాలి, రాలేదు. డెలివరీ అబ్బాయి తొందరపెడుతుంటే మిగతా 5,600 కూడా ఇచ్చేశాను. లోపల కాయలన్నీ పసుపే. బాగా పండితే మన నిమ్మకాయా పసుపే కదా. కానీ గుండ్రంగా, గోలీల కన్నా కాస్త పెద్దగా ఉన్నాయి. అసలు లెమన్ కోలగా ఉండి కొసన ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. ఒకటి కోసి చూశాను. తొక్క కాగితమంత. అదే వారం కేఆర్ మార్కెట్లో అలాంటివే కిలో 60.

ఫోన్ చేస్తే అతను తడుముకోలేదు. ‘లెమన్ అన్నాం, లెమనే పంపాం. కోడ్ చూసుకోండి’ అన్నాడు.

మా బాబాయి చెన్నైలో కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాడు. ఫోటో పంపితే చూసి నవ్వాడు. ‘ఓసి పిచ్చిదానా, ఆ నంబరులో లెమనూ ఉంది, మన నిమ్మకాయా ఉందే’ అన్నాడు. తర్వాత అరగంట క్లాసు పీకాడు. నాకు అర్థమైనంత చెబుతాను.

కస్టమ్స్ వాళ్ల సరుకుల జాబితాలో 08 అంటే పండ్లు, నట్స్ అధ్యాయం. 0805 అంటే నిమ్మజాతి పండ్లన్నీ, తాజావైనా ఎండువైనా. 0805 50 దగ్గరికి వచ్చేసరికి సిట్రస్ లిమోన్, అంటే బేకింగ్ వాళ్ల లెమన్, దానితో పాటు సిట్రస్ ఆరాంటిఫోలియా, అంటే మన నిమ్మకాయ, గింజలుండని పెద్ద లైమ్ లాటిఫోలియా, అన్నీ ఒకే గూట్లో ఉంటాయి. బాబాయి సీనియర్లు దీన్ని 0805 30 అని రాసేవాళ్లట. 2002 సవరణలో 50 అయింది, లాటిఫోలియా పేరు చేరిందీ అప్పుడే. ఈ ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే. ఆ పైన ఏ దేశం ఇష్టం దానిది. యూరప్‌లో లెమన్‌కి 0805 50 10, లైమ్‌కి 0805 50 90. అమెరికాలోనూ విడివిడిగానే ఉన్నాయి. మన దగ్గర చివర 00, అంటే విడదీయలేదు. కాబట్టి ఇక్కడ ఆ ఎనిమిది అంకెలు చూసి పెట్టెలో ఏ కాయ ఉందో ఎవరూ చెప్పలేరు.

పైగా ఆ కోడ్ గవర్నమెంట్ వేసింది కూడా కాదట. 2011 నుంచి సెల్ఫ్ అసెస్‌మెంట్. దిగుమతి చేసుకునేవాళ్లే కోడ్ రాసి డ్యూటీ లెక్క కట్టుకుంటారు, కస్టమ్స్ వాళ్లు కావాలంటే తనిఖీ చేస్తారు. అదంతా పన్ను కోసమే.

పేర్ల గొడవ మనకి మరీ ఎక్కువ. లెమన్ రైస్ అంటాం, అందులో పిండేది ఇంగ్లీషు లెక్కలో లైమ్. బత్తాయిని స్వీట్ లైమ్ అంటాం, అది శాస్త్రం ప్రకారం నారింజల కుటుంబం, సిట్రస్ సైనెన్సిస్. అందుకే ‘లెమన్ పంపాను’ అన్నవాడిని పట్టుకోవడం కష్టం.

బాబాయి చెప్పినదాన్ని బట్టి, అడగాల్సింది ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కాపీ. సరుకుకి పురుగూ తెగులూ లేవని పంపే దేశపు వ్యవసాయ శాఖ ఇచ్చేది, అందులో మొక్క శాస్త్రీయ నామం రాసి తీరాలి. సిట్రస్ లిమోన్ అని ఉందో లేదో అక్కడ కనిపిస్తుంది. అదొక్కటే చాలదు, ఎందుకంటే ఆ కాగితమూ వేరే సరుకుదే కావచ్చు. తేదీ, పరిమాణం, పెట్టె మీది లాట్ నంబరు పోల్చుకోవాలి. ఆర్డర్ మెసేజ్‌లోనే ‘సిట్రస్ లిమోన్, పసుపు, మందపాటి తొక్క’ అని రాసి అవతలివాడి చేత ఓకే అనిపించుకోండి. ఒక పెట్టె విప్పి ఒక కాయ కోశాకే మిగతా డబ్బు ఇవ్వండి. అతను నాకిచ్చిన జీఎస్టీ బిల్లులో ‘0805, ఫ్రూట్స్’ అని మాత్రమే ఉంది. 5 కోట్ల లోపు టర్నోవర్ వాళ్లకి నాలుగంకెలు చాలు కాబట్టి అది తప్పు కాదు, కానీ ఆ నాలుగంకెల్లో కమలాలూ పంపర పనసా కూడా ఉన్నాయి. గొడవకి అది ఎందుకూ పనికిరాదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తానని చెప్పాక 4,000 వెనక్కి వేశాడు. బతుకుతెరువు కోసం సొంతంగా పని చేసుకునేవాళ్లు వినియోగదారు చట్టం కిందికి వస్తారు, ‘బిజినెస్‌కి కొన్నారుగా’ అంటే తగ్గకండి. ఫిర్యాదు పెట్టాను, నడుస్తోంది. కాయల్లో సగం ఊరగాయ పెట్టాను. ‘ఉప్పూ కారం పడ్డాయిగా, ఇక అది పండ్ల ఎనిమిదో అధ్యాయం కాదు, ఊరగాయల ఇరవయ్యోది’ అన్నాడు బాబాయి.

అన్నట్టు, నాకు పంపిన బిల్ ఆఫ్ ఎంట్రీ తేదీ ఆగస్టుది. నా కాయలు వచ్చింది డిసెంబరులో. మొన్న కోరమంగల గ్రూపులో ‘ఫ్రెష్ స్టాక్, కస్టమ్స్ బిల్లుతో సహా’ అని మళ్లీ పోస్టు పెట్టాడు. జూమ్ చేసి చూశాను. అదే ఎర్ర గుండ్రం, అదే ఆగస్టు తేదీ.