కార్పెంటర్ వైసా, లెగ్ వైసా: పని బల్లకి ఏది మేలు?

ఇంట్లో పని బల్ల పెట్టుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: ఇనప కార్పెంటర్ వైస్ కొనాలా, బల్ల కాలికే అమర్చే లెగ్ వైస్ చేసుకోవాలా? వైస్ అంటే చెక్కని రెండు దవడల మధ్య బిగించి కదలకుండా పట్టుకునే పరికరం. విజయవాడలో రెండూ కుదురుతాయి. మొదటిది హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతుంది. రెండోదానికి స్క్రూ, నట్టు ఆటోనగర్‌లో లేత్ మీద తీయించుకుంటే మిగతాదంతా చెక్కపనే.

అందరూ పట్టు ఎంత గట్టిదనే చూస్తారు. చెక్కపనికి కావలసిన పట్టు రెండూ ఇస్తాయి. నన్నడిగితే తేల్చాల్సింది వేరే ఉంది: కదలని వెనక దవడ బల్ల అంచుతో ఒకే వరసలో ఉందా, లేదా?

ఐదడుగుల టేకు పలకని బిగించి దాని అంచుకి చిత్రిక పడుతున్నారనుకోండి. దవడ బల్లకన్నా అరంగుళం ముందుకి పొడుచుకొచ్చి ఉంటే, పలకకి దవడ దగ్గర తప్ప ఇంకెక్కడా ఆనిక ఉండదు. చిత్రిక రెండో కొసకి చేరేసరికి పలక అదురుతుంది, అంచు ఎగుడుదిగుడుగా వస్తుంది. దవడ, బల్ల అంచు కలిసిపోతే పలక పొడవునా బల్లని ఆనుకుని నిలబడుతుంది. రెండో కొసన ఒక క్లాంపు వేస్తే చాలు.

లెగ్ వైస్‌కి ఇది పుట్టుకతోనే వస్తుంది, ఎందుకంటే బల్ల కాలే దాని వెనక దవడ. స్క్రూ బాగా కిందుంటుంది కాబట్టి వెడల్పు పలక కూడా లోతుగా దిగుతుంది. కాకపోతే చెక్క మందం బాగా మారినప్పుడల్లా వంగి, ముందు దవడ కింది కొసని సరైన దూరంలో ఆపే పిన్ను మార్చాలి. రోజంతా రకరకాల ముక్కలతో పనిచేసేవాళ్లకి అది విసుగే.

అందుకే నా ఓటు క్విక్ రిలీజ్ ఉన్న 9 అంగుళాల ఇనప వైస్‌కి. లీవర్ నొక్కితే దవడ జారుతుంది, చివర్లో కాస్త తిప్పితే బిగుస్తుంది. అయితే దాన్ని అలాగే బోల్టు వేసి వదిలేయకూడదు. బల్ల అంచులో గాడి తీసి వెనక దవడని లోపలికి దించండి. ఇనుము పైఅంచు బల్ల మట్టానికి అరంగుళం కిందుండాలి, లేకపోతే చిత్రిక బ్లేడు దానికి తగులుతుంది. రెండు దవడలకీ చెక్క తొడిగి, వెనక చెక్క ముఖాన్ని బల్ల అంచుతో కలపండి. ఒక పక్కనే చెక్క పెట్టి బిగిస్తే దవడ వంకరపోతుంది. రెండో పక్క అంతే మందం ముక్క పెడితే సరిపోతుంది.

ఫిట్టర్లు వాడే ఇంజనీరింగ్ వైస్ వద్దు. దాని దవడల పళ్లు టేకు మీదే గాట్లు పెడతాయి, ఇక కొండపల్లి బొమ్మలు చేసే పొణికిలాంటి మెత్తటి చెక్క సంగతి చెప్పక్కర్లేదు. బల్లకి తగిలించే చిన్న వైస్‌లు చిన్నాచితకా పనులకే.

కుడిచేతివాటం వాళ్లు వైస్‌ని బల్ల ఎడమ కొసన, కాలికి దగ్గరగా బిగించుకోవాలి. స్క్రూకి గ్రీజు దట్టంగా పూయకండి, రంపపు పొట్టు అంటుకుని ముద్ద కడుతుంది. మైనం రుద్దండి.